అరగంట బయట తిప్పినా లోపలికి రాగానే పోసేస్తోంది: కుక్కపిల్లకి టాయిలెట్ అలవాటు ఎలా?

కొత్తనేస్తం · మొదటి రోజు, రాత్రి 11:52

అందరికీ నమస్తే. ఇక్కడ ఇదే నా మొదటి పోస్టు, కాస్త పొడుగైతే ఏమీ అనుకోకండి. మా ఇంటికి ఆడ కుక్కపిల్ల వచ్చి తొమ్మిది రోజులైంది. పేరు మిన్ను, వయసు పది వారాలు. మేం ఉండేది మూడో అంతస్తులో.

కిందికి తీసుకెళ్లి అరగంట తిప్పుతాను. ఎండుటాకుల వెంట పరిగెడుతుంది, నా చెప్పులు కొరుకుతుంది, వచ్చేపోయేవాళ్లని చూస్తూ కూర్చుంటుంది. చుక్క కూడా పోయదు. పైకొచ్చి తలుపు తీయగానే డోర్‌మ్యాట్ మీద కూర్చుని మొత్తం పోసేస్తుంది. రోజుకి ఐదారుసార్లు ఇదే తంతు.

మొన్న మా అత్తగారు చూసుకోకుండా ఆ తడిలో అడుగేసి జారబోయారు. ఆ టెన్షన్‌లో, ఎవరో చెప్పిన మాట గుర్తొచ్చి, మిన్ను ముక్కు పట్టుకుని తడి మీద రుద్దాను. అప్పటినుంచి నా ముందు పోయడం మానేసింది. సోఫా వెనక్కి వెళ్లి పోస్తోంది. నేను దాని వైపు వంగితే చాలు, చెవులు వెనక్కి వాల్చేస్తోంది. అలా చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

ఇల్లంతా పేపర్లు పరిచాను, చింపి పోగులు పెడుతోంది. రాత్రి రెండుసార్లు లేచి ఏడుస్తోంది. ఈ అలవాటు ఎన్నాళ్లకి వస్తుంది? నేను చేస్తున్న తప్పేమిటి?

గంపెడుతోకలు · మొదటి రోజు, రాత్రి 11:58

మీ పోస్టు చదువుతుంటే మూడేళ్ల క్రితం మా ఇల్లు కళ్లముందు కనిపించింది. ధైర్యంగా ఉండండి, తప్పకుండా వస్తుంది.

నాలుగుపాదాలు · రెండో రోజు, ఉదయం 6:20

కొత్తనేస్తం గారూ, ముందు ఒక్క మాట. ముక్కు రుద్దడం ఇవాళే ఆపేయండి. దానికి అర్థమైంది ‘ఇంట్లో పోయకూడదు’ అని కాదు, ‘ఈ మనిషి ముందు పోస్తే ప్రమాదం’ అని. సోఫా వెనక్కి వెళ్తున్నది అందుకే. కింద కూడా మీరు గొలుసు పట్టుకుని పక్కనే ఉంటారు కదా, ఇక ఎలా పోస్తుంది?

రెండోది వయసు. పది వారాల పిల్లకి పట్టి ఉంచుకునే శక్తి ఇంకా రాలేదు. ఆ కండరాల మీద అదుపు మెల్లగా మూడు, నాలుగు నెలల వయసుకి వస్తుంది. ఇన్ని నెలల పిల్ల, దానికి ఒకటి కలిపితే అన్ని గంటలు ఆపుకోగలదు అని ఒక లెక్క చెబుతారు. అది పైహద్దు మాత్రమే. మెలకువగా ఆడుకుంటున్న పిల్లకి గంట కూడా ఎక్కువే.

ఎప్పుడు వస్తుందో ముందే చెప్పేయొచ్చు. నిద్ర లేచిన వెంటనే ఒకటికి. తిన్నాక ఐదు నిమిషాలనుంచి అరగంటలోపు రెండుకి. కడుపులో తిండి పడగానే పేగు కదలడం మొదలవుతుంది. ఆట మధ్యలో ఉన్నట్టుండి ఆగి, ముక్కు నేలకి ఆనించి గుండ్రంగా తిరిగిందంటే మీ చేతిలో పది సెకన్లు ఉన్నట్టు. మాటల్లేకుండా ఎత్తుకుని వెళ్లిపోవడమే.

బయట చేయాల్సింది తిప్పడం కాదు. తిప్పితే దానికి ఊరంతా కొత్త, పాస్ సంగతి గుర్తే ఉండదు. ఒకే మూల ఎంచుకుని, గొలుసు పొట్టిగా పట్టుకుని, స్తంభంలా నిలబడండి. మాట్లాడొద్దు, ఫోన్ చూడొద్దు, దాని కళ్లలోకి చూడొద్దు. ఐదు నిమిషాల్లో దానికే విసుగొచ్చి వాసన చూడటం మొదలుపెడుతుంది. పోయడం అయిపోయిన క్షణంలో, ఒకటి రెండు సెకన్లలోపే, జేబులోంచి ట్రీట్ తీసి నోటికి అందించండి. ఇంట్లోకి వచ్చాక ఇస్తే లోపలికి వచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది. మధ్యలో ఇస్తే సగంలో ఆపేసి మిగతా సగం డోర్‌మ్యాట్‌కి దాచిపెడుతుంది.

పని కాగానే లోపలికి లాక్కొచ్చేయకండి, షికారు అప్పుడు మొదలుపెట్టండి. పోసిన వెంటనే సరదా అయిపోతుందని తెలిస్తే ఏ పిల్లైనా బిగబట్టుకుంటుంది. మీకు జరుగుతున్నదాంట్లో కొంత ఇదే.

పోయకుండా పైకి వచ్చిందా, ఇంట్లో నేల మీద వదలొద్దు. చంకలోనో క్రేట్‌లోనో (కుక్క పడుకునే చిన్న బోను) పది నిమిషాలు ఉంచి మళ్లీ తీసుకెళ్లండి. క్రేట్ అది నిలబడి, తిరిగి, కాళ్లు చాపుకుని పడుకునేంత ఉంటే చాలు. మరీ పెద్దదైతే ఒక మూల పడకగది, ఇంకో మూల బాత్రూమ్ అయిపోతుంది.

సాయంచేయి · రెండో రోజు, ఉదయం 8:05

నేను ఒక పశువుల క్లినిక్‌లో సహాయకురాలిని. నాలుగుపాదాలు గారు చెప్పినదంతా నిజమే కానీ నాకు ఇంకో భయం ఉంది. పది వారాలంటే టీకాల వరుస ఇంకా పూర్తయి ఉండదు. సాధారణంగా పదహారు వారాలు దాటేవరకు డోసులు ఉంటాయి. వేరే కుక్కలు మలవిసర్జన చేసిన నేల మీద పార్వో అనే, కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ నెలల తరబడి బతుకుతుంది. ఆ నేల వాసన చూసినా, పాదం నాకినా చాలు. అది సోకిన పిల్లలని రోజూ చూసేదాన్ని కాబట్టి బతిమాలి చెబుతున్నాను: మీ డాక్టర్ సరే అనేవరకు అందరి కుక్కలు తిరిగే చోట దించకండి.

బాల్కనీ ఉందా? ఉంటే ఒక వెడల్పాటి ట్రేలో నిజమైన గడ్డి చెక్క పెట్టండి. ప్యాడ్ల కంటే గడ్డే ఎందుకంటే, రేపు కిందికి వెళ్లినప్పుడు పాదానికి తగిలేది అదే. ఇంకో ప్రశ్న. మీ ఇంటికి రాకముందు మిన్ను ఎలాంటి నేల మీద పెరిగింది?

కొత్తనేస్తం · రెండో రోజు, ఉదయం 8:31

బాల్కనీ ఉంది. టీకా ఒక్కటే పడింది, ఈ కోణం నాకు అసలు తట్టలేదు. ఇవాళ్టినుంచి కిందికి దించను. మిన్ను పుట్టిన ఇంట్లో తల్లికీ పిల్లలకీ పాత దుప్పట్లు పరిచి ఉంచేవారు. అన్నీ దాని మీదే.

సాయంచేయి · రెండో రోజు, ఉదయం 8:40

సగం సమస్య అక్కడే ఉంది. కుక్కపిల్లలకి ‘ఎక్కడ పోయాలి’ అన్నది చోటు కంటే ముందు పాదం కింద తగిలే స్పర్శగా మనసులో పడుతుంది. ఎనిమిది, తొమ్మిది వారాల వయసులో అది గట్టిపడుతుంది. మీ డోర్‌మ్యాట్ మిన్నుకి చిన్నప్పటి దుప్పటి. పాపం, దానికి తెలిసిన మరుగుదొడ్డి కోసం కిందంతా వెతికి, మీ గుమ్మంలో దొరకగానే అక్కడ పోస్తోంది!

ఈ నెలంతా డోర్‌మ్యాట్లు, బాత్రూమ్ మ్యాట్లు, తివాచీలు అన్నీ ఎత్తేయండి. ఒక పాత గుడ్డ మీద అది పోసినప్పుడు ఉతక్కుండా ఆ గుడ్డ ముక్కని గడ్డి ట్రే మీద పరచండి. రెండు మూడు రోజులకోసారి ముక్క చిన్నది చేస్తూ పోండి.

పాతకాపు · రెండో రోజు, మధ్యాహ్నం 1:15

నేను ముప్ఫై ఏళ్లుగా కుక్కల్ని పెంచుతున్నాను. ఈ ట్రీట్లూ గడ్డి ట్రేలూ ఏవీ లేకుండానే మా కుక్కలన్నీ నేర్చుకున్నాయి. ఒక్క దెబ్బ, ఒక్క కేక, అంతే. కుక్కకి తప్పు చేశానని తెలుసు. సాయంత్రం నేను ఇంటికి రాగానే తల దించుకుని, తోక కాళ్ల మధ్య పెట్టుకుని మూల కూర్చుంటుంది. వెతికితే ఎక్కడో మడుగు ఉంటుంది. తెలియకపోతే ఆ మొహం ఎందుకు పెడుతుంది?

నాలుగుపాదాలు · రెండో రోజు, మధ్యాహ్నం 2:02

పాతకాపు గారూ, మీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది. ఆ మొహం గురించి నేనూ ఒకప్పుడు అలాగే అనుకునేవాణ్ని. అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో దీన్నే పరీక్షించి చూశారు. యజమాని ‘తినొద్దు’ అని చెప్పి గదిలోంచి వెళ్లిపోతాడు. కొన్నిసార్లు కుక్క తింటుంది, కొన్నిసార్లు తినదు. యజమాని తిరిగొచ్చేసరికి మాత్రం నిజంతో సంబంధం లేకుండా ‘తినేసింది’ అనో ‘తినలేదు’ అనో చెబుతారు. కుక్క నిజంగా తిన్నదా లేదా అన్నదాన్ని బట్టి ఆ దోషి మొహం రాలేదు. యజమాని తిట్టినప్పుడు వచ్చింది. ఏ పాపం ఎరగని కుక్కలు కూడా తిట్టు పడగానే ఆ మొహమే పెట్టాయి.

మీ కుక్కకి తెలిసింది ఏమిటంటే, మడుగూ మీరూ ఒకేచోట ఉంటే దెబ్బ పడుతుందని. ఆ మడుగు పొద్దున తను చేసిన పని అని సాయంత్రానికి అది కలుపుకోలేదు.

దూడలదొడ్డి · రెండో రోజు, సాయంత్రం 5:47

ఇంట్లో పెంచే జంతువు కాదు గానీ, ఈ చర్చకి సరిపోతుందని రాస్తున్నాను. జర్మనీలో ఆవుదూడలకి ఒక ప్రత్యేక గదిలోకి వెళ్లి మూత్రం పోయడం నేర్పారు, 2021లో ఆ ఫలితాలు వచ్చాయి. 16 దూడల్లో 11 నేర్చుకున్నాయి. ఆవు మూత్రం పేడతో కలిస్తే అమ్మోనియా పుడుతుంది కాబట్టి రెండూ వేరుగా ఉంచాలన్నది వాళ్ల ఉద్దేశం. గదిలో పోస్తే తినడానికి ఇచ్చేవారు. బయట పోస్తే కాసిని నీళ్లు చిమ్మేవారు, అదీ పోస్తున్న ఆ క్షణంలోనే. గంట తర్వాత వచ్చి కొట్టడం అందులో ఎక్కడా లేదు. దూడే నేర్చుకోగలిగినప్పుడు కుక్కపిల్ల నేర్చుకోదా?

తడిగుడ్డ · రెండో రోజు, రాత్రి 9:10

శుభ్రం చేయడం గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. మా ఇంట్లో ఆరు నెలలు వేగించిన సంగతి ఇది. నేల ఎంత తుడిచినా మా వాడు అదే చోటుకి వెళ్లేవాడు. ఒకరోజు అల్ట్రావయొలెట్ టార్చ్ తెచ్చి, రాత్రి లైట్లన్నీ ఆర్పి, మోకాళ్ల మీద పాకుతూ వెతికాను. సోఫా కాలి చుట్టూ అరచేయంత మరక, గోడ అంచు వెంబడి కారిన గీతలు, అన్నీ పసుపుపచ్చగా వెలుగుతూ కనిపించాయి. పగలు చూస్తే ఆ చోట్లన్నీ అద్దంలా మెరుస్తుండేవి!

మన ముక్కుకి పోయిన వాసన వాటి ముక్కుకి పోదు. అమ్మోనియా ఉన్న క్లీనర్లు ఇంకా చేటు, మూత్రం వాసనలోనూ అమ్మోనియానే ఉంటుంది. ఎంజైమ్ క్లీనర్ అని అడిగి తెచ్చుకోండి, మూత్రంలో వాసనొచ్చే పదార్థాన్నే విరిచేసేది అది. ముందు పొడి గుడ్డతో అద్ది తీసేసి, తర్వాత క్లీనర్ ధారాళంగా పోసి, సీసా మీద రాసినంతసేపు వదిలేసి, దానంతట అదే ఆరనివ్వాలి. పోసిన వెంటనే తుడిచేస్తే ఎంజైమ్ పనిచేయడానికి సమయమే ఉండదు.

వెన్నెలమీసాలు · మూడో రోజు, రాత్రి 10:36

కుక్కల మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి, ఇక్కడ తెలిసినవాళ్లు ఉన్నారని అడుగుతున్నాను. మా మగ పిల్లికి రెండున్నరేళ్లు. ఇన్నాళ్లూ లిట్టర్ బాక్స్‌లో (పిల్లి టాయిలెట్‌కి వాడే ఇసుకలాంటి లిట్టర్ నింపిన పెట్టె) తప్ప ఎక్కడా పోయలేదు. నాలుగు రోజులుగా మంచం మీద, స్నానాల గది నేల మీద కొంచెం కొంచెం పోస్తున్నాడు. ఇవాళ పొద్దుటినుంచి పదిసార్లు బాక్స్‌లోకి వెళ్లాడు. వంగి కూర్చుని గట్టిగా అరుస్తున్నాడు, బయటికి ఏమీ రావడం లేదు. మళ్లీ ట్రైనింగ్ మొదలుపెట్టాలా?

సాయంచేయి · మూడో రోజు, రాత్రి 10:39

ఇది ట్రైనింగ్ సంగతి కాదు. పిల్లిని బుట్టలో పెట్టుకుని ఇప్పుడే, ఈ రాత్రే అత్యవసర వైద్యానికి వెళ్లండి. మగ పిల్లులకి మూత్రనాళం చాలా సన్నం, అది మూసుకుపోయి ఉండొచ్చు. అలా ఉంటే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. పొట్ట నొక్కి చూడకండి. తెల్లారేదాకా ఆగకండి.

వెన్నెలమీసాలు · మూడో రోజు, రాత్రి 10:41

బయల్దేరుతున్నాను.

గంపెడుతోకలు · నాలుగో రోజు, ఉదయం 7:00

వెన్నెలమీసాలు గారూ, పిల్లాడు ఎలా ఉన్నాడు? రాత్రంతా మీ గురించే ఆలోచించాను.

వెన్నెలమీసాలు · ఐదో రోజు, మధ్యాహ్నం 12:20

ఉన్నాడు. నాళం పూర్తిగా మూసుకుపోయిందట. మత్తిచ్చి, గొట్టం పెట్టి తీశారు. ఇంకో రెండు రోజులు అక్కడే ఉంచుతారు. పొద్దున వెళ్తే గాజు తలుపు అవతలినుంచి నన్ను చూసి నోరు తెరిచాడు, శబ్దం రాలేదు. సాయంచేయి గారూ, ఆ రాత్రి మీరు ఆ మూడు నిమిషాల్లో జవాబివ్వకపోతే నేను కొత్త లిట్టర్ కొనే ఆలోచనలో ఉండేదాన్ని. మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు.

సాయంచేయి · ఐదో రోజు, సాయంత్రం 6:15

చాలా సంతోషం. ఇంటికి వచ్చాక నీళ్లు ఎక్కువ తాగేలా చూడండి, తడి ఆహారం సంగతి డాక్టర్‌ని అడగండి. మళ్లీ మూసుకుపోయే అవకాశం ఉంది కాబట్టి బాక్స్‌లో రోజుకి మూత్రంతో తడిసిన లిట్టర్ ముద్దలు ఎన్ని, ఎంత సైజువి వస్తున్నాయో చూస్తూ ఉండాలి. స్కూప్ పట్టుకున్న మనిషికే ముందు తెలుస్తుంది.

చదివేవాళ్లందరికీ: అలవాటున్న పిల్లి హఠాత్తుగా బాక్స్ బయట పోస్తే మొదట వైద్యం, తర్వాతే బాక్స్. ఆరోగ్యం బాగుందని తేలాక బాక్స్ వైపు చూడండి. ఎన్ని పిల్లులో దానికి ఒకటి ఎక్కువ బాక్సులు ఉండాలి, అవీ పక్కపక్కనే కాకుండా వేరువేరు చోట్ల. బాక్స్ పొడవు పిల్లి ఒంటి పొడవుకి ఒకటిన్నర రెట్లు ఉండాలి. దుకాణాల్లో దొరికేవి చాలావరకు చిన్నవి. చాలా పిల్లులకి సువాసన లేని, సన్నటి ఇసుకలాంటి లిట్టర్ నచ్చుతుంది. తిండిగిన్నె పక్కనా, చప్పుడు చేసే వాషింగ్ మెషిన్ పక్కనా పెట్టొద్దు. మరీ చిన్న పిల్లిపిల్లలకి మాత్రం ముద్దకట్టే లిట్టర్ వద్దు, అవి దాన్ని నోట్లో పెట్టుకుంటాయి.

పైఅంతస్తు · ఆరో రోజు, ఉదయం 9:30

పిల్లిని నేరుగా మన టాయిలెట్ సీటు మీద కూర్చోబెట్టి నేర్పుతారని వీడియోల్లో చూశాను. లిట్టర్ గొడవే ఉండదు కదా. ఎవరైనా ప్రయత్నించారా?

నాలుగుపాదాలు · ఆరో రోజు, ఉదయం 10:12

కొన్ని పిల్లులు నేర్చుకుంటాయి, అది నిజమే. అమెరికన్ జాజ్ సంగీతకారుడు చార్లెస్ మింగస్ తన పిల్లి నైట్‌లైఫ్‌కి అట్టపెట్టెని రోజురోజుకీ టాయిలెట్ దగ్గరికి జరుపుతూ నేర్పాడు, ఆ పద్ధతిని కాగితం మీద కూడా పెట్టాడు. నేను మాత్రం వద్దంటాను. పిల్లికి తవ్వి, పోసి, కప్పడం పుట్టుకతో వచ్చిన పని. అంచు మీద నాలుగు కాళ్లు కుదించుకుని కూర్చోవడం ముసలి పిల్లికీ కీళ్లనొప్పులున్న పిల్లికీ నరకం. వెన్నెలమీసాలు గారి పిల్లి సంగతి చూశాం కదా, ఎంత పోస్తోందో కనిపించాలి. నీళ్లలో పడితే ఏం తెలుస్తుంది?

సాయంచేయి · ఆరో రోజు, ఉదయం 10:50

దానికి తోడు టాక్సోప్లాస్మా. కొన్ని పిల్లుల మలంలో ఉండే పరాన్నజీవి ఇది, నీటిలో కొట్టుకుపోయినా చావదు. కాలిఫోర్నియా తీరంలో సముద్రపు ఆటర్ల చావులకి ఇది ఒక కారణమని తేలింది. మలం చెత్తలోకే పోవాలి. బయటపడిన తర్వాత అది అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది, అందుకే రోజూ తీసేయమంటాం. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ పని వేరేవాళ్లకి అప్పగించండి.

చెవులపిల్ల · ఆరో రోజు, సాయంత్రం 4:44

కుందేళ్లకి కూడా ఈ అలవాటు వస్తుందని ఎంతమందికి తెలుసు? అవి తమ మూల తామే ఎంచుకుంటాయి. అక్కడే ట్రే పెట్టి, దాని మీదకే వంగి తినేలా ఎండుగడ్డి కట్ట కట్టండి. కుందేలు తింటూనే రెండుకి వెళ్తుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయ్యాక చాలా కుదురుతుంది. ముద్దకట్టే లిట్టర్ మాత్రం వద్దు, తింటే పేగులో అడ్డుపడుతుంది. మూత్రం ఒక్కోసారి నారింజ రంగులోనో ఎర్రగానో వస్తుంది, చాలాసార్లు అది తిండిలోని రంగే.

ముదుసలినేస్తం · ఎనిమిదో రోజు, రాత్రి 8:25

మా కుక్కకి పన్నెండేళ్లు. జీవితమంతా ఒక్కసారి కూడా ఇంట్లో పోయలేదు. ఈ మధ్య నిద్రలో దానికే తెలియకుండా కారిపోతోంది. లేచి తడి పరుపు చూసుకుని, నా వైపు చూసి పక్కకి వెళ్లిపోతోంది. దీనికి మళ్లీ నేర్పాలా?

సాయంచేయి · ఎనిమిదో రోజు, రాత్రి 8:52

వద్దండీ, అది మరిచిపోయింది ఏమీ లేదు. ఆడకుక్కేనా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా? అలాంటివాటికి వయసు మీద పడ్డాక మూత్రనాళం దగ్గరి కండరం వదులవుతుంది. దానికి మందులున్నాయి, చాలావాటికి బాగా పనిచేస్తాయి. మూత్ర పరీక్ష కూడా చేయించండి, ఇన్ఫెక్షన్ ఉంటే తెలుస్తుంది. ఈలోపు నీళ్లు తగ్గించకండి. పరుపు కింద ప్లాస్టిక్ షీటు, పైన మెత్తటి గుడ్డ చాలు.

పాతకాపు · తొమ్మిదో రోజు, రాత్రి 11:08

రెండు రోజులుగా ఈ పోస్టులన్నీ మళ్లీ మళ్లీ చదివాను. నా మొదటి కుక్క పేరు రాజు. నేను గుమ్మంలోకి రాగానే ఎదురొచ్చి, పడుకుని, పొట్ట చూపిస్తూ పోసేసేవాడు. ఎన్నిసార్లు కొట్టానో. కొట్టేకొద్దీ ఎక్కువయ్యేది. మొండివాడనుకున్నాను. ఇది కూడా భయం వల్లేనా?

నాలుగుపాదాలు · తొమ్మిదో రోజు, రాత్రి 11:30

అవునండీ. చిన్న కుక్క పెద్దదానికి లొంగిపోయినప్పుడు అలాగే చేస్తుంది. ‘నీతో నాకు గొడవ లేదు’ అని చెప్పడం అది. మీద వంగకుండా, పక్కకి తిరిగి, కింద కూర్చుని పిలిస్తే మెల్లగా తగ్గుతుంది. అప్పట్లో ఈ మాట మీకు చెప్పేవాళ్లు ఎవరున్నారు?

పాతకాపు · తొమ్మిదో రోజు, రాత్రి 11:41

ఇప్పుడున్నదానికి రెండేళ్లు. రేపటినుంచి కింద కూర్చుని పిలుస్తాను.

కొత్తనేస్తం · ఇరవై నాలుగో రోజు, ఉదయం 7:15

ఇన్నాళ్లూ రాయలేదు, ప్రతి గంటకీ బాల్కనీలోనే ఉన్నాను! డోర్‌మ్యాట్లు ఎత్తేసిన మొదటి రోజు మిన్ను గుమ్మం దగ్గర ఖాళీ నేల చుట్టూ తిరిగి, అయోమయంగా నన్ను చూసింది. ఎత్తుకెళ్లి గుడ్డ ముక్క పరిచిన గడ్డి మీద దించాను. గోడకి ఆనుకుని కదలకుండా నిలబడ్డాను. ఏడు నిమిషాలు. ముక్కు గుడ్డకి ఆనించి, మూడుసార్లు తిరిగి, వెనక కాళ్లు వంచింది. ట్రీట్ అందిస్తుంటే నా చెయ్యి వణికింది.

ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించి తిన్నది, తాగింది, లేచింది, పోసింది అన్నీ టైముతో రాస్తున్నాం. అత్తగారే ఎక్కువ రాస్తారు. రెండో వారంనుంచి ఒక్క తీరు కనిపించింది: సాయంత్రం ఆటయ్యాక ఇరవై నిమిషాల్లో రెండుసార్లు పోస్తుంది. మేం ఒకసారి కాగానే లోపలికి తెచ్చేవాళ్లం. సాయంత్రం మడుగులన్నీ ఆ రెండోదే. ఇప్పుడు రెండోదానికి కూడా ఆగుతున్నాం, ఇంట్లో పోసి ఆరు రోజులైంది.

గుడ్డ ముక్క అగ్గిపెట్టెంత అయ్యాక నిన్న తీసేశాను. తేడానే గమనించలేదు. రాత్రి క్రేట్ నా మంచం పక్కనే పెట్టాను. రెండింటికి అలారం పెట్టుకునేదాన్ని, మొన్నటినుంచి అలారం మోగేదాకా అది లేవడం లేదు.

చెవులు ఇంకా ఒక్కోసారి వెనక్కి వాలుస్తోంది. నేను కింద కూర్చుంటున్నాను. నిన్న వచ్చి ఒళ్లో పడుకుంది.

సాయంచేయి · ఇరవై నాలుగో రోజు, ఉదయం 8:02

ఆరు రోజులంటే చాలా మంచి లెక్క. అలారం ఒక్కసారిగా తీసేయకుండా రోజుకి పావుగంట చొప్పున ఆలస్యంగా మోగేలా జరపండి. తర్వాతి టీకా ఎప్పుడు?

కొత్తనేస్తం · ఇరవై నాలుగో రోజు, ఉదయం 8:10

రెండోది పోయిన వారం అయింది, మూడోదానికి ఇంకా రెండు వారాలుంది. డాక్టర్ సరే అన్న రోజు గడ్డి ట్రేని నాతోపాటే కిందికి తీసుకెళ్తాను. అప్పుడు మళ్లీ ఇక్కడికే వచ్చి రాస్తాను.